టవరుపై గూడు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



మహాభారతమున ఆదిపర్వము తుదిని మందపాలోపాఖ్యానము కలదు. ఖాండవవనము నలుదిక్కుల మండుచుండ, జరిత యను ఆడుపక్షి తన నలుగురు పిల్లలతో అందు చిక్కువడెను. తల్లికి రెక్కలున్నవి, పిల్లలకు ఇంకను రాలేదు. నలుగురిని ఒక్కమారు మోయజాలదు. ఒక్కరిని గొనిపోయి ముగ్గురిని విడువజాలదు. ఎలుక కన్నమున దూరుడని తల్లి చెప్పగా, ఎలుక వాతబడుటకంటె అగ్నిలో పడుటయే మేలని పిల్లలు పలికి, నీవైనను బ్రతుకుమని తల్లిని పంపివేసెను. మంటలు దగ్గరకు వచ్చెను. పిల్లలు అగ్నిదేవుని స్తుతించెను. అగ్ని వానిని దహింపక విడిచి ముందునకు సాగెను.

ఈ కథయందు తొందరపడి చదువువాని కంటబడని చిన్న విషయమొకటి కలదు. అగ్ని అప్పటికప్పుడు కరుణించినవాడు కాడు. పిల్లల తండ్రియగు మందపాలుడు, అగ్ని అడవిని దహింప బయలుదేరుట చూచి, ముందుగనే ఆతని స్తుతించి అభయము పుచ్చుకొనియుండెను. మంట వచ్చిన పిదప తల్లికి గూడ చేయదగిన పని లేకపోయెను. మంటకు ముందు పుచ్చుకొన్న మాట పిల్లలను కాచెను. రెక్కరాని ప్రాణి విషయమున దయ యొక్కటి చాలదు. దానికి ముందుచూపు తోడు కావలయును. ఈనాటి ఉపన్యాసమంతయు ఈ మాటకు వ్యాఖ్యానమే.

నేడు ఊరూర ఇనుప టవరులు లేచినవి. కొడుకు మాట తల్లికి చేరుటకు, ధాన్యపు ధర రైతునకు తెలియుటకు, ఆపదలో వైద్యుని పిలుచుటకు అవి ఆధారములైనవి. ఆ టవరుల కొనకు ఒక్కొక్కచోట పక్షులు పుల్లలు చేర్చి గూడు కట్టుచున్నవి. ఆ పక్షి చట్టముచే రక్షింపబడినదైనచో టవరు యజమాని ఏమి చేయవలయును? ఈ చిక్కు మిక్కిలి తరచుగా ఎదురై, దానికి ఒక పద్ధతి ఏర్పడిన దేశము అమెరికా సంయుక్త రాష్ట్రములు. అచ్చటి అనుభవము ఇచ్చటివారికి పాఠము కాదగియున్నది. అంతేగాక అచ్చట టవరునెక్కు పక్షి ఆంధ్రులకు అపరిచితమైనది కాదు.

ఆంధ్రదేశపు చెరువులలో కొరమీను నెరుగనివారు లేరు. చేపలను పట్టి తినునది గనుక ఆ పక్షికి కొరమీను గద్ద యని పేరు కలిగెను. ఇంగ్లీషువారు దానిని ఆస్ప్రే యందురు. శీతకాలమున అది ఉత్తరదేశములనుండి పులికాటు సరస్సువంటి తావులకును, సముద్రతీరమునకును, పెద్ద జలాశయములకును వచ్చి, వేసవిలో మరలిపోవును. ఆంధ్రదేశమున గూడు పెట్టదు. అమెరికాలో గూడు కట్టునదియు ఈ జాతియే. కాని అచ్చటి పక్షులు చలికాలమునకు దక్షిణ అమెరికా వైపునకు పోవును; ఇటు రావు. జాతి యొక్కటే, బాటలు వేరు.

ఈ పక్షి వీపు ముదురు గోధుమవన్నె, కడుపు తెలుపు. కంటిమీదుగా మెడవరకు నల్లని చార యొకటి సాగును. బరువు కిలోన్నర మొదలు రెండు కిలోలవరకు నుండును. రెక్కలు చాచినచో అయిదారడుగుల వెడల్పు. దీని ఆహారము దాదాపు కేవలము చేపలే. ఆకాశమున నిలిచి నీటిలోని చేపను గురిచూచి, కాళ్ళు ముందుకు చాపి నీట దుముకును. జారు చేపను పట్టుటకు దాని అరకాళ్ళయందు సన్నని ముండ్లవంటి గరుకు కలదు. వెలుపలి వ్రేలిని వెనుకకు త్రిప్పి, ముందు రెండు, వెనుక రెండు వ్రేళ్ళతో చేపను బిగించును. ఎగురునప్పుడు చేపతలను ముందువైపునకు త్రిప్పి పట్టుకొనును. గాలి అడ్డు తగ్గును.

గూటివిషయమున దీని కోరికలు మూడు: నీరు చేరువగా నుండవలయును, నలువైపుల చూపు పారవలయును, క్రిందినుండి శత్రువు ఎక్కరాకుండవలయును. పూర్వము ఏటియొడ్డున తల విరిగి ఎండిన మహావృక్షములు ఈ మూడు కోరికలను తీర్చెడివి. మనుష్యుడు ఒడ్డులను చదునుచేసి ఇండ్లు కట్టెను. ఎండిన చెట్టును పనికిమాలినదని కొట్టివేసెను. పక్షి వెదకి వెదకి పడవలకు దారిచూపు గురుతుకంబములమీదను, విద్యుత్ స్తంభములమీదను, తుదకు సెల్ టవరులమీదను చేరెను. టవరు కొనయందు ఆంటెనాలను నిలుపుటకు ఇనుప చట్రముండును. పుల్లలు జారకుండ నిలుచుటకు అంతకన్న అనువైన చోటు వేరొకటి లేదు. చెట్టును కొట్టినవాడే చెట్టువంటి దానిని నాటినాడు. పక్షి ఆ కానుకను అంగీకరించినది.

ఒకమారు కట్టిన గూటికి ఆ జంట ఏటేట మరలి వచ్చును. మగపక్షి పుల్లలు తెచ్చును, ఆడుపక్షి సర్దును. ప్రతి సంవత్సరము క్రొత్త వరుస పడును. చాల ఏండ్లు నిలిచిన గూళ్ళు మనిషి యెత్తును మించి పెరుగును. పుల్లలతోపాటు నాచు, గడ్డి, దొరికిన త్రాళ్ళు, ప్లాస్టిక్ పీలికలు గూడ తెచ్చి పేర్చును. ఆ త్రాళ్ళు కాళ్ళకు చుట్టుకొని పిల్లలు చచ్చుటయు కలదు.

ఇక టవరు యజమాని పక్షమున చెప్పదగినదియు తక్కువ కాదు. పుల్లలు కేబులులపైనను దీపములపైనను పడును. విమానములకు హెచ్చరికగా వెలుగవలసిన దీపము కప్పువడినచో అపాయము. పాడైన ఆంటెనాను బాగుచేయుటకు వందలాది అడుగులెక్కిన పనివానిపై తల్లిపక్షి గోళ్ళు చాచి దుముకును. అంత యెత్తున ఒక్క తొట్రుపాటు చాలును, ప్రాణము పోవుటకు. ఆ టవరు పలుకకున్నచో ఆ ప్రాంతమున ఎవ్వరికైన గుండెనొప్పి వచ్చినప్పుడు సహాయమునకు చేయు పిలుపు అందకపోవచ్చును. కనుక పక్షిని దయతో చూడుడని ఊరక చెప్పిపోవుట న్యాయము కాదు.

శిబి చక్రవర్తి కథ అందరెరిగినదే. శరణుజొచ్చిన పావురమును కాచినందులకు మాత్రమే ఆతడు ధర్మాత్ముడు కాలేదు. నా ఆహారమును హరించితివని పలికిన డేగ వాదము గూడ ఆతడు వినెను. దాని ఆకలియు న్యాయమే యని అంగీకరించి త్రాసు తెప్పించెను. ఒక పక్షమున జాలి, ఒక పక్షమున అవసరము ఉన్నప్పుడు రెండింటిని తూచుట ధర్మము. భూమి లెక్కల భాషలో చెప్పవలెనన్న, టవరుపై పట్టా కంపెనీది, అనుభవము పక్షిది. పట్టా చూపి అనుభవదారుని ఒక్క దినమున వెళ్ళగొట్టుటకు న్యాయస్థానములు ఒప్పవు. అనుభవమున్నదని పట్టాదారుని హక్కును కొట్టివేయుటకును ఒప్పవు. ఈ రెంటి నడుమ గడువు అనునది యొకటి కలదు.

అమెరికా చట్టము ఆ గడువును ఎట్లు ఏర్పరచెనో చెప్పుటకు ముందు ఆ చట్టము పుట్టుక తెలియవలయును. ఆ దేశమున ఒకప్పుడు బాటసారి పావురములను పక్షులు కోట్లకొలది గుంపులుగా సూర్యుని కప్పుచు ఎగిరెడివి. వానిని పీపాలకెత్తి అంగళ్ళకు పంపిరి. అడవులు నరికిరి. 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుశాలలో మార్తా యను పేరుగల ఒంటరి పక్షి మరణించెను. దానితో ఆ జాతియే లేకపోయెను. ఆ దినములలోనే స్త్రీల టోపీలపై ఈకల అలంకారమునకై కొంగజాతులను లక్షలకొలది చంపుచుండిరి. కోట్లలో నున్నది సున్నయగుటకు ఒక మనుష్యుని ఆయువు చాలునని లోకము చూచెను.

1916లో అమెరికా ప్రభుత్వము కెనడా తరపున బ్రిటనుతో ఒడంబడిక చేసికొని, 1918లో వలసపక్షుల ఒడంబడిక చట్టమును చేసెను. మిస్సోరి రాష్ట్రము దీనిని ప్రతిఘటించి, మా రాష్ట్రములోని పక్షులు మా సొత్తు, కేంద్రమునకు అధికారమెక్కడిదని వ్యాజ్యము వేసెను. 1920లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. నేడు ఒక రాష్ట్రమున నున్న పక్షి రేపు వేరొక రాష్ట్రమున, వారమునకు వేయిమైళ్ళ దూరమున నుండును. దానిపై సొంతహక్కు చెప్పుట నిలువదని తీర్పు సారాంశము. సరిహద్దు రాళ్ళు, సర్వే నంబరులు రెక్కలున్నవానికి వర్తింపవు.

మొదట ఈ చట్టము గద్దజాతులకు వర్తింపలేదు. 1972లో మెక్సికోతో చేసికొన్న ఒడంబడికను సవరించి గద్దలు, గుడ్లగూబలు మున్నగువానిని చేర్చిరి. ఆ నాటినుండి కొరమీను గద్దకును రక్షణ కలిగెను. ఆ రక్షణలో గూటివిషయమున ఒక స్పష్టమైన గీత కలదు. గ్రుడ్లుగాని, ఎగురలేని పిల్లలుగాని ఉన్న గూటిని అధికారుల అనుమతి లేక తొలగింపరాదు. గ్రుడ్లును పిల్లలును లేని వట్టి గూటిని తీసివేయుటకు కేంద్ర చట్టము అడ్డుపడదు. కొన్ని రాష్ట్రముల నియమములు దీనికన్న కఠినముగా నుండును. తెల్లతల గద్దకును బంగరు గద్దకును వేరొక చట్టము కలదు. 1940లో తెల్లతల గద్దకై పుట్టి, 1962లో బంగరు గద్దకు విస్తరించిన ఆ చట్టము క్రింద వట్టి గూటిని గూడ అనుమతి లేక ముట్టరాదు. కాబట్టి టవరు యజమాని మొదట తెలియవలసినది గూడు ఏ పక్షిది యనుట. రెండవది అందేమున్నది యనుట.

కొరమీను గద్దకు ఈ రక్షణ ఎంత అవసరమైనదో చూపుటకు కనెక్టికట్ నదీముఖపు కథ చాలును. 1954లో ఆ ప్రాంతమున సుమారు 150 గూళ్ళుండెను. పక్షిశాస్త్ర గ్రంథకర్తయగు రోజర్ టోరీ పీటర్సన్ ఆ ఏడు అక్కడ కాపురము పెట్టి వానిని చూచుచుండెను. ఏటేట గూళ్ళు తగ్గసాగెను. పక్షులు వచ్చుచున్నవి, గ్రుడ్లు పెట్టుచున్నవి, పొదుగుచున్నవి. పిల్లలు మాత్రము లేరు. తల్లి కూర్చుండగనే గ్రుడ్లు చిట్లిపోవుచుండెను. దోమలకును పురుగులకును చల్లిన డి.డి.టి. నీటిలో చేరి, చిన్న ప్రాణులనుండి చేపలకును, చేపలనుండి పక్షికిని ఎక్కి, గ్రుడ్డు పెంకును పలుచన చేసినదని తరువాత తేలెను. 1968, 1969 సంవత్సరములలో పరిశోధకులు మేరీలాండునుండి గ్రుడ్లు తెచ్చి కనెక్టికట్ గూళ్ళలో నుంచిరి. ఆ గ్రుడ్లనుండి పిల్లలు చక్కగా వచ్చెను. దోషము పొదుగు తల్లియందు లేదు, నీటియందును కాలమునందును లేదు. గ్రుడ్డులోనికి చేరిన విషమునందే కలదని తెల్లమాయెను. 1962లో రేచెల్ కార్సన్ ఈ విషయములపై గ్రంథము వ్రాసి దేశమును మేల్కొలిపియుండెను. 1972లో అమెరికా ప్రభుత్వము పొలములపై డి.డి.టి. వాడుకను నిషేధించెను. అప్పటికి ఆ నదీముఖమున మిగిలిన గూళ్ళు వ్రేళ్ళపై లెక్కింపదగినవి.

విషము ఆగిన పిదప పక్షి తేరుకొనెను. కాని కూర్చుండుటకు చెట్లేవి? అప్పుడు సామాన్య జనులు పూనుకొనిరి. రైతులు, బెస్తలు, బడిపిల్లలు, విద్యుత్ కంపెనీలవారు నీటియొడ్డున కంబములు నాటి, వానిపై చదరపు పలకలు బిగించిరి. పొలమున కాపువాడు కూర్చుండు మంచె యెట్టిదో అట్టిదే అది. కూర్చుండువాడు మాత్రము వేరు. పక్షులు వానినెక్కెను. 1981లో ఆ దేశపు ప్రధాన భూభాగమున సుమారు 8,000 జంటలుండగా, 2001 నాటికి 16,000 నుండి 19,000 జంటలని అంచనా వేసిరి. చెసపీక్ అఖాతమున నేడు ఈ పక్షి గూళ్ళలో మిక్కిలి భాగము మనుష్యుడు నిలిపిన కట్టడములమీదనే యున్నవి.

ఈ అనుభవమునుండి టవరుల విషయమున పుట్టిన పద్ధతిని వరుసగా చెప్పుకొనవచ్చును.

మొదటిది, కాలపట్టిక. ఉత్తర రాష్ట్రములలో ఈ పక్షి మార్చి, ఏప్రిల్ నెలలలో వచ్చును. రెండుమూడు గ్రుడ్లు పెట్టును, ఒక్కొక్కప్పుడు నాలుగు. పొదుగుటకు అయిదారు వారములు, పిల్లలు ఎగురుటకు మరి ఏడెనిమిది వారములు పట్టును. అటుపై కొన్ని దినములు పిల్లలు గూటికే వచ్చి తండ్రి తెచ్చు చేపను తినును. సెప్టెంబరు నాటికి గూడు ఖాళీయగును. ఫ్లోరిడా వంటి వెచ్చని తావులలో చలికాలమునందే గ్రుడ్లు పెట్టును. కాన ఒక చోటి పట్టిక వేరొక చోటికి పనికిరాదు. టవరుపై భారీ మరమ్మతులన్నియు పక్షి లేని నెలలలో ముగించుకొనుట బుద్ధిమంతుని లక్షణము.

రెండవది, ప్రత్యామ్నాయము. పాత గూటిని ఖాళీకాలమున తీసివేయుటతో పని తీరదు. పక్షి మరల వచ్చి అచ్చటనే పుల్లలు వేయును, తీసినకొలది వేయును. అందువలన గూటిని తీయుటకు ముందే, పక్షి కంటబడు దూరమున, నీటివైపు, అడ్డములేని చోట, మూడునాలుగడుగుల చదరపు మంచె నొకదానిని ఎత్తైన కంబముపై నిలుపవలయును. పాత గూటిపుల్లలు కొన్ని దానిపై పరచినచో పక్షికి నమ్మకము కలుగును. త్రాళ్ళను, ప్లాస్టిక్ పీలికలను ఏరివేయవలయును. కంబమునకు రేకు చుట్టినచో క్రిందినుండి ఎక్కు జంతువులు జారిపోవును.

మూడవది, అడ్డంకి. క్రొత్త మంచె సిద్ధమైన పిదప టవరు కొనపై పుల్ల నిలువకుండ వాలుగా నుండు మూతలుగాని, గొట్టములుగాని బిగింతురు. కాళ్ళు చిక్కుకొను వలలు కట్టుట తప్పు. అవి పక్షిని తరుమవు, చంపును. కొన్ని కంపెనీలు వేరొక దారిని పట్టి, టవరు కొననే ఆంటెనాలకు పైగా మంచె కట్టి గూటిని దానిపైకి చేర్చి, పక్షిని పైయంతస్తున కాపురముంచి తాము క్రింది అంతస్తున పని చేసికొనుచున్నవి.

నాలుగవది, కనిపెట్టుట. పక్షి రాక మొదలైన దినములలో వారమునకొకసారి టవరును దూరదర్శినితో చూడవలయును. గ్రుడ్డు పడకముందు పుల్లలను తీయుట తేలిక, చట్టబద్ధము. గ్రుడ్డు పడిన మరుదినమున అదే పని నేరము. ఒక్క రాత్రి అజాగ్రత్త మూడు నెలల జాప్యమగును.

అయిదవది, ఆగుట. గ్రుడ్డు పడినదా, నిచ్చెన దిగవలయును. మరమ్మతు వాయిదా వేయదగినదైన వేయవలయును. ప్రజల ప్రాణములకు సంబంధించినదై వాయిదా వీలుకానిచో అధికారుల అనుమతి పొంది, పక్షుల సంగతి తెలిసినవానిని వెంటబెట్టుకొని, మండుటెండయు వానయు లేని వేళ, శీఘ్రముగా పని ముగించుకొని రావలయును. తల్లి లేచిపోయిన గ్రుడ్డు చలికి చల్లారును, ఎండకు ఉడుకును. మనుష్యునకు అది అరగంట పని. గ్రుడ్డునకు అది ఆయుర్దాయము.

ఈ అయిదింటిలో నాలుగు గ్రుడ్డుకు ముందు చేయదగినవి. ఒక్కటే గ్రుడ్డుకు తరువాతిది. మందపాలుడు అగ్నిని వేడినది మంటకు ముందు. ఇందలి న్యాయమునకును ఆ కథకును భేదము లేదు.

ఇచ్చట టవరు దోషమొకటి చెప్పక విడుచుట సరికాదు. గూటికి చోటిచ్చు టవరే రాత్రివేళ పిట్టలకు మృత్యువగుచున్నది. చిన్న వలసపిట్టలు రాత్రులందు ఎగురును. మబ్బు క్రమ్మిన రాత్రి, ఆరక నిలిచి వెలుగు ఎర్రదీపము చుట్టును అవి దారితప్పి తిరిగి, టవరును నిలుపు లాగుడు తీగలకు తగిలి రాలిపోవును. అమెరికా, కెనడాలలో ఇట్లు ఏటేట సుమారు 68 లక్షల పక్షులు చచ్చునని 2012లో ప్రకటింపబడిన అంచనా. మిచిగాన్ రాష్ట్రమున జరిగి 2009లో వెలువడిన పరిశోధనవలన, నిలుకడ దీపములను తీసి మినుకు దీపములను మాత్రము ఉంచినచో ఈ మరణములు సగమునకు పైగా తగ్గునని తేలెను. 2015లో అమెరికా విమానయానశాఖ దీపముల నియమములను అందుకు అనుగుణముగా సవరించెను. దీపము ఆరలేదు, విమానమునకు అపాయము రాలేదు. వెలుగు తీరు మాత్రము మారెను. మంచె విషయమునను, దీపము విషయమునను తెలియునది యొక్కటే: కోరినది పెద్ద త్యాగము కాదు, కొద్ది మెలకువ.

ఇక స్వదేశపు సంగతి. 1972వ సంవత్సరము పక్షుల పాలిటికి శుభవత్సరమని చెప్పవచ్చును. అమెరికాలో డి.డి.టి. నిషేధము, గద్దల రక్షణ జరిగిన ఆ ఏటనే భారతదేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. ఆ చట్టమున వేట యను పదమునకు చంపుట, పట్టుట మాత్రమే అర్థము కాదు. అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుట, గ్రుడ్లనుగాని గూళ్ళనుగాని కదలించుట సైతము వేటయే. ఈ సంగతి చాలమందికి తెలియదు. తుపాకి పట్టనివాడును, గూటిని కఱ్ఱతో పొడిచినచో, చట్టము కంట వేటగాడే.

ఈ దేశమునను పక్షులు చెట్టు విడిచి ఇనుమునెక్కుచున్నవి. మహారాష్ట్రమున పుణెలో మెడపై ఉన్నివంటి తెల్లని ఈకలుగల కొంగజాతి సెల్ టవరులపై గూడు కట్టుట పరిశీలకులు చూచి ప్రకటించిరి. గుజరాతున నల్లకంకణములు విద్యుత్ స్తంభములపై గూళ్ళు పెట్టుచున్నవి. పొలముల నడుమ పెద్దచెట్లు తగ్గినకొలది ఇది పెరుగును. నేడు పుణెలో చూచినది రేపు ఏ పల్లెలోనైన చూడవచ్చును.

అందుకు ఆంధ్రదేశపు గ్రామములు సిద్ధముగా లేవని చెప్పుటకు వీలులేదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురమున గూడబాతులును ఎర్రకాళ్ళ కొంగలును ఏటేట వచ్చి ఊరి చెట్లపైనే గూళ్ళు పెట్టును. ఒకప్పటి అనంతపురము జిల్లాలోనిదై, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన వీరాపురమునకు ఎర్రకాళ్ళ కొంగలు అట్లే వచ్చును. చెట్టు క్రింద రెట్ట, చేపల నీచు, రేయింబవళ్ళు సందడి. అయినను ఆ గ్రామస్థులు ఆ పక్షుల రాకను శుభముగా నెంచి, చుట్టమువలె చూచుకొనుచున్నారు. చట్టము పుట్టకముందే ఆచారము పుట్టినది. ఆ ఆచారమును చింతచెట్టునుండి టవరునకు పొడిగించుట మాత్రమే మిగిలినది.

చేయవలసినదియు కష్టసాధ్యము కాదు. టవరుపై పెద్దపక్షి గూడు కనబడినచో పిల్లలు రాళ్ళు రువ్వకుండ చూడవలయును. టవరునెక్కు పనివానికి ముందుగా తెలుపవలయును. ఆతని ప్రాణమునకు గూడ అది రక్ష. గ్రామ పంచాయతీవారు అటవీశాఖ అధికారికి ఒక కాగితము వ్రాయవలయును. ఏ నెలలో పక్షి వచ్చినది, ఏ నెలలో పిల్లలు ఎగిరినవి అని ఒక పుస్తకమున నమోదు చేసినచో మరుసటి ఏటి మరమ్మతుకు తేదీ దానియందే దొరకును. పంటలెక్క వ్రాయు గ్రామమునకు పక్షిలెక్క బరువు కాదు. ఊరి పొలిమేరలో ఒక్క ముసలిచెట్టును, అది ఎండినదైనను, నరకక విడిచినచో టవరుపై పడు భారము అంతమేర తగ్గును.

ఆ నమోదు పుస్తకమునకు తగిన చోటు గ్రంథాలయము. కొరమీను గద్ద గూడు ఒక్క ఏట కట్టినది కాదు. పోయిన ఏటి పుల్లలపై ఈ ఏటి పుల్లలు చేరి పెరిగినది. ఈ గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములలో ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకము చేర్చగా ఇంతయైనది. మొదటి పుస్తకము పెట్టినవారు రేపటి చదువరిని ఎరుగరు. అయినను ఆతనికై ముందుగా ఏర్పాటు చేసిరి. పుట్టని పిల్లకై మాట పుచ్చుకొన్న మందపాలుని బుద్ధి అదియే. ఈ బుద్ధి ఈ గ్రామమున నిలిచి, టవరుపై గూడును, ఊరిలో గ్రంథాలయమును చిరకాలము వర్ధిల్లుగాక.

స్వస్తి.